అడ్డుగోడ కింది మూత

కాలవదొర నడివీధిలో బోర్లా పడుకుని, ఇనుప మూత మీద చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. కొత్తవాళ్లయితే మనిషి పడిపోయాడని పరుగెత్తుకొస్తారు. వీధివాళ్లు మాత్రం పక్కకు తప్పుకుని వెళ్లిపోతారు. దొరగారు కచేరీ వింటున్నారు, అంతే.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వెన్ను నిటారు. మోకాళ్లు మాత్రం ఏళ్ల తరబడి గచ్చు మీద ఆనీ ఆనీ చెప్పు అడుగులా గట్టిపడ్డాయి. మురుగునీటి ఆఫీసులో ఆయన ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరుంది. అది ఆయనకే గుర్తులేదు. ఎవరో ఎగతాళికి కాలవదొర అన్నారు. ఆయన దాన్ని శాలువాలా భుజాన వేసుకున్నాడు.

ఆయన ముక్కు గురించి చెప్పుకునేవి నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. మూత ఎత్తగానే ఏ ఇంట్లో పాలు పొంగిపోయాయో, ఏ ఇంట్లో కూర మాడిందో చెప్పేసేవాడట. ఎవరివో కట్టుడుపళ్లు గొట్టంలో పడి నాలుగు సందుల అవతల తేలితే, కడిగి పట్టుకెళ్లి ఇచ్చాడట; పళ్లు అప్పటికీ నవ్వుతూనే ఉన్నాయట. ఆ నవ్వుకు ఎవరూ పూచీ పడరు గానీ, ఆయన చూసుకునే వీధుల్లో మురుగు వెనక్కి తిరిగి ఎవరి గడపా దాటలేదన్నది మాత్రం నిఖార్సయిన నిజం. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కోతలు కొయ్యడు. ఛాతీ కాస్త ముందుకొస్తుంది, అంతే.

ఇవాళ ఆ మాటకే ముప్పొచ్చింది.

"నీళ్లు పాడటం లేదు," అనుకుంటూ లేచి మోచేతులు దులుపుకున్నాడు.

ఎదురుగా ఉన్నది టైలర్ ఇల్లు. దాన్ని ఆనుకుని ఫొటోగ్రాఫర్ ఇల్లు. ఇద్దరూ అన్నదమ్ములే, రెండూ ఒకప్పుడు ఒకే ఇల్లే. నిలువునా కోసి పంచుకున్నారు. పెరట్లో అడ్డుగోడ లేపేటప్పుడు అన్న టేపుతో కొలిచాడు, తమ్ముడు ఒక కన్ను మూసి గురి చూశాడు. ఇద్దరూ పనిమంతులు కావడంతో గోడ వెంట్రుకవాసి తేడా లేకుండా నడిమధ్య నిలబడింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తల్లి తమ్ముడి వాటాలో, వెనకగదిలో ఉంటుంది. పొద్దున్నుంచి ఆ గది మూల తూములోంచి మురుగు ఎగదన్నుతోంది. ఆవిడ మంచం కోళ్లకింద ఇటుకలు పెట్టారు.

"తప్పంతా అవతలి ఆయనగారి గొట్టానిది దొరా," అన్నాడు ఫొటోగ్రాఫర్, ఆయన్ను పెరట్లోకి తీసుకెళ్తూ.

"నా బాత్‌రూము అద్దంలా ఉంది. వాడి గదిలో వచ్చేది వాడి మురుగే," అన్నాడు గోడ అవతల్నుంచి టైలర్, గోడకే చెబుతున్నట్టు.

కాలవదొర బట్టలకు పెట్టే నీలిమందు బకెట్లో కలిపి టైలర్ బాత్‌రూములో కుమ్మరించాడు. చుట్టూ తిరిగొచ్చి ముసలావిడ మంచం పక్కన నిలబడ్డాడు. కాసేపటికి మంచం కింది నీళ్లు నీలంగా మారాయి.

"ఏంట్రా ఇది, ఈ వయసులో నాకు రంగునీళ్లా?"

"మీ పెద్దబ్బాయి స్నానం చేస్తే మీ పాదాలు తడుస్తున్నాయి పెద్దమ్మా."

"వాడు చిన్నప్పుడూ అంతే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు, తడిపేసేవాడు."

ఫొటోగ్రాఫర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. గోడ అవతల ఎవరో గట్టిగా దగ్గారు.

"రెండిళ్ల నీళ్లూ కలిసేచోట ఒక మూత ఉండాలే!" కాలవదొర పెరడంతా గాలించాడు. ముసలావిడ మంచం మీంచే అడ్డుగోడ వైపు వేలు చూపించింది. "దానికిందే. గోడ లేపేరోజు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. కొలతల గొడవలో నా మాట ఎవరు విన్నారు?"

కాలవదొర ఆఫీసుకు ఫోన్ చేశాడు. సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. "కాంపౌండు లోపలిది ఇంటివాళ్లదయ్యా. వచ్చెయ్."

"ఒక్క ఇంటి నీళ్లయితే ఇంటివాళ్లదే సార్. రెండిళ్లవీ కలిస్తే అక్కణ్నుంచి మనది. రూలు మీదే గదా!"

"గోడ జోలికెళ్తే ఫిర్యాదు నీ మీద పడుతుంది. నేను అడ్డం రాను. నీ ఇష్టం."

వచ్చెయ్యడం తేలికే. కానీ ముసలావిడ కాళ్లు పైకి ముడుచుకుని గువ్వలా కూర్చుంది. నీళ్లు గది గడపను నాకుతున్నాయి. ఇంకాసేపట్లో గడప దాటతాయి. దాటితే, ఇన్నేళ్లు తను చెప్పుకున్న ఆ ఒక్క మాటా కోతల్లో కలిసిపోతుంది.

ఫోన్ జేబులో పెట్టి గోడ దగ్గరకెళ్లాడు. గొంతు పెంచి అడిగాడు. "ఈ గోడ ఎవరిది?"

"నాది!" రెండువైపుల నుంచీ ఒకేసారి వచ్చింది.

"గోడ కింద గొట్టం?"

"వాడిది!" అదీ ఒకేసారి.

"సరే. నాది కాదనేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నాది అనడానికే ఆఫీసు నాకు జీతమిస్తోంది. గొట్టం నాది. నా గొట్టం నెత్తిన మీ గోడ కూర్చుంది. మీరు దింపుతారా, నేను దింపేదా? నేను దింపితే ఎవరి వైపు ఎన్ని ఇటుకలు పోతాయో టేపు పెట్టి చూడను."

వెనకగదిలోంచి ముసలావిడ గొంతు వినిపించింది. "ఒరేయ్, నాకు ఈత రాదు."

ముందు అవతల్నుంచి సుత్తి చప్పుడైంది. తమ్ముడు తడబడుతూ గడ్డపార పట్టుకొచ్చాడు. అన్న అటునుంచీ తమ్ముడు ఇటునుంచీ నేల దగ్గర కొట్టుకుంటూ వచ్చారు. చివరి ఇటుక ఊడేసరికి కన్నంలో రెండు ముఖాలు ఎదురుపడ్డాయి. పై వరుస కాస్త జారింది.

"చెయ్యి తియ్యరా, నలుగుద్ది!" అన్నాడు అన్న.

తమ్ముడు చెయ్యి తీశాడు. ఇన్నేళ్ల తర్వాత మొదటి మాట అదేనని ఇద్దరికీ ఆలస్యంగా తట్టింది. చాలాసేపు దుమ్ము దులుపుకుంటూ ఉండిపోయారు.

కాలవదొర మూత ఎత్తాడు. కొక్కెం కట్టిన వెదురు బద్ద దింపి, మణికట్టు తిప్పి, కొక్కేనికి చిక్కిన ఉండను పైకి లాగాడు. అన్నగారి కత్తిరింపు గుడ్డముక్కలు. వాటిని పాములా చుట్టేసుకుని తమ్ముడుగారి ఫిల్ము చుట్ట. ఆయన దాన్ని ఇద్దరి మధ్యా గచ్చు మీద పెట్టాడు. గొట్టం ఒకసారి త్రేన్చింది. గదిలో నీలపు నీళ్లు సుళ్లు తిరిగి దిగిపోయాయి. గడప దాటలేదు.

"పాడుతోంది," అన్నాడు కాలవదొర.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమయ్యో దొరా, ఇవాళ ఏ రాజ్యం జయించొచ్చావు?"

"గోడ అడ్డమొచ్చింది. జరగవే అన్నాను. జరిగింది."

"నా దగ్గర కొయ్యకు."

"నిజమేనే. ఇంకా గొప్ప సంగతుంది. గోడ జరిగాక మాటలు కూడా వచ్చాయి దానికి."

స్నానం చేసి వసారాలో కుర్చీలో వెనక్కి వాలాడు. సూపర్‌వైజర్ నుంచి ఫోనొచ్చింది. ఫిర్యాదేమీ రాలేదట, పైగా అన్నదమ్ములిద్దరూ కలిసి ఆఫీసుకొచ్చి, గోడ కన్నం పూడ్చకుండా చెక్కతలుపు పెట్టుకోవచ్చా అని అడిగారట. "వినబడిందా?" అన్నాడు భార్యతో. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. ఆవిడ అన్నం వడ్డించడానికి లోపలికెళ్లింది.

తిరిగొచ్చి పిలిస్తే పలకలేదు. నిద్రపోయాడనుకుని భుజం తట్టింది. తల మెల్లగా ఒక పక్కకు వాలిపోయింది, మూత మీద చెవి ఆనించినట్టే. ఊపిరి లేదు. ముఖంలో ఇంకా ఆ కోతలరాయుడి నవ్వే. ఆవిడ చాలాసేపు భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.

మెట్ల దగ్గర ఆయన కడిగి బోర్లించిన రబ్బరు బూట్లు గోడకు ఆనుకుని ఉన్నాయి. వాటిలోంచి కారే నీళ్లు సన్నటి గీతలా గచ్చు మీదుగా సాగి, ఎక్కడా ఆగకుండా, తిన్నగా కాలవలోకి పోతున్నాయి.