అమ్మవారి చేతులు

స్టెల్లా పనిచేసే గ్రాఫిక్స్ స్టూడియో గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మీద, మూడో అంతస్తులో ఉండేది. దాని యజమాని సూర్యప్రకాష్ మొదట్లో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసేవాడు. వధూవరులు తామరపువ్వులోంచి పైకి లేవడం, తలంబ్రాలు నక్షత్రాలై రాలడం లాంటివి ఆయన చేసినట్టు బెజవాడలో ఇంకెవరూ చేయలేరని పేరు. టీవీ సీరియళ్ల పని దొరకడం మొదలయ్యాక మంచి కంప్యూటర్లు కొని, ఏసీ పెట్టించి, హేమనూ స్టెల్లానూ చేర్చుకున్నాడు. తెర మీది మనిషి అంచుల వెంట గీత గీసి, వెనకున్న దృశ్యంలోంచి విడదీయడం హేమ పని. అలా విడదీసిన వాటిని మరో దృశ్యంలో అతుకు తెలియకుండా కలపడం స్టెల్లా పని.

2002లో వాళ్ల దగ్గరికి ఒక భక్తి సీరియల్ వచ్చింది. దాన్ని తీయిస్తున్నది రామకోటేశ్వరరావు గారని, గుడివాడలో రైసు మిల్లు ఉన్న ఆసామి. ఆయన భార్య శివపార్వతి ఏడాదిన్నరపాటు ఆసుపత్రుల పాలై చావు తప్పి బయటపడింది. ఆవిడ ఇంటికి క్షేమంగా తిరిగొస్తే అమ్మవారి కథ లోకమంతా చూసేలా తీయిస్తానని ఆయన మొక్కుకున్నాడట. సీరియల్ పూర్తయ్యేదాకా ఒంటిపూట భోజనం, నీసు ముట్టడం లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. ఎండలో కాలు కాలుతూ మెట్లెక్కి వచ్చి, ఏసీ గది నేల మీద పాదాలు ఆనించుకుని కాసేపు కూర్చునేవాడు.

చివరి భాగంలో అమ్మవారు పద్దెనిమిది చేతులతో ప్రత్యక్షం కావాలి. అమ్మవారి వేషం వేసిన అమ్మాయిని నీలం తెర ముందు నిలబెట్టి, ఒక్కో ఆయుధం పట్టించి, అవే చేతులను మళ్లీ మళ్లీ తీసుకోవాలని అనుకున్నారు. మొదటిరోజు ఆమె నిలబడ్డ దృశ్యం, రెండు చేతులు అయ్యాయి. మర్నాడు ఆమెకు మద్రాసులో సినిమా ఖాయమైందని కబురొచ్చింది. ఇక డేట్లు లేవు. సూర్యప్రకాష్ రెండు రోజులు ఫోన్ల మీద పడి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. చేతులు ఎవరివైతేనేం, ఒళ్లూ ముఖమూ ఆ అమ్మాయివే కదా అన్నాడు. మిగతా చేతులను మనమే వెతుక్కోవాలి.

అట్లా మొదలైంది చేతుల వేట. హేమ చేతులు రెండూ బాగున్నాయి. లాడ్జి యజమాని కోడలు సరదాపడి వచ్చింది. పక్కవీధి లేడీస్ హాస్టల్ పిల్లలు నలుగురైదుగురు ఒక ఆదివారం పసుపు, గాజులు, నెయిల్ పాలిష్‌తో సహా వచ్చారు. కెమెరామన్ నాగబాబు కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయన చేత తేలికైన పొణికి కర్రతో శంఖం, చక్రం, గద చేయించి, వాటికి బంగారు రంగు కొట్టించి తెచ్చాడు. కర్ర తేలికైనదే కానీ, చెయ్యి పైకెత్తి కదలకుండా నిలపడం తేలిక కాదు. పిల్లలు నవ్వేవారు, మణికట్టు వణికేది, గద పక్కకు ఒరిగేది.

ఆ గద పెద్దింట్లమ్మ చేతికి వచ్చింది. ఆవిడ కొల్లేటి లంకల్లో పుట్టి, పెళ్లయి కృష్ణలంకకు వచ్చిన మనిషి. రోజూ పొద్దున ఆ వీధిలోకి చేపల తట్ట తెచ్చేది. నెత్తిన తట్ట, ఒక చెయ్యి పైకెత్తి దాన్ని పట్టుకుని మెట్ల దగ్గర బేరం ఆడుతుంటే నాగబాబు చూశాడు. అడిగితే ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత ఇంటికి వెళ్లి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నాగబాబు చాలన్నంతవరకు గదను అలాగే పట్టుకుని నిలబడింది. వెళ్తూ వెళ్తూ, ఏ వారం వస్తుందో చెప్పమని, లంకలో తనవాళ్లందరికీ కబురు పెట్టుకుంటానని అడిగింది.

ఇంత చేసినా ఒక చెయ్యి తక్కువ పడింది. హేమ చేతులే మళ్లీ వాడితే ఒకేలా కనపడతాయి. ఇంకెవరూ దొరక్క, సూర్యప్రకాష్ స్టెల్లా వైపు చూశాడు. ఆమెది పామర్రు దగ్గర ఊరు. తండ్రి అంతోని అక్కడి చర్చిలో ఉపదేశి. ఫాదర్ గారు రాని రోజుల్లో ప్రార్థనలు నడిపేది ఆయనే. స్టెల్లా ఒక్క క్షణం తటపటాయించింది. పని ఆగిపోతుందన్న తొందరలో గాజులు తొడుక్కుని శంఖం పట్టుకుంది.

ఆ తర్వాతి రోజులన్నీ కలిపే పనికే సరిపోయాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు, ఒకరి మీద వెలుతురు ఎడమనుంచి పడింది, ఇంకొకరి మీద కుడినుంచి. స్టెల్లా రంగులు సరిచేసింది, భుజాల దగ్గరి అతుకులను హారాల కింద, పైట మడతల కింద దాచింది, ఒక చేతి నీడ ఇంకో చేతి మీద పడేటట్టు చేసింది. అన్నీ కుదిరాక చూస్తే అమ్మవారు కీలుబొమ్మలా ఉంది. చేతులన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే ఆగుతున్నాయి. రెండు రోజులు ఎటూ తోచలేదు. చివరికి ఒక్కో చేతిని రవ్వంత ఆలస్యంగా కదిలించి, వేషం కట్టిన అమ్మాయి ఊపిరి పీల్చినప్పుడు పైకి, వదిలినప్పుడు కిందికి అన్ని చేతులనూ కొద్దిగా ఊపింది. అప్పుడు బొమ్మకు ప్రాణం వచ్చింది. హేమ కుర్చీ వెనక్కి జరిపి, “ఒళ్లు జలదరించింది స్టెల్లా,” అంది.

చూపించిన రోజున రామకోటేశ్వరరావు గారు లేచి నిలబడి తెరకు దణ్ణం పెట్టాడు. ఆనందం కొద్దీ, ఇన్ని చేతులు ఎవరివని అడిగాడు. నాగబాబు ఉత్సాహంగా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వెళ్లి, గద చేపలమ్మే పెద్దింట్లమ్మది అన్నాడు. ఆయన ముఖం మారింది.

“ఇది మొక్కు పనండి సూర్యప్రకాష్ గారూ. నేను నీసు వాసనే పడనివ్వట్లేదు ఇంట్లో. చేపలు కోసే చెయ్యి తెచ్చి అమ్మవారికి పెడితే ఎట్లాగండి? అదొక్కటీ మార్చేయండి.”

అలాగేనండి, ఒక్కరోజు పని అన్నాడు సూర్యప్రకాష్. శంఖం ఎవరిదో నాగబాబు ఇంకా చెప్పలేదు. బల్ల కింద హేమ స్టెల్లా కాలు తొక్కింది. ఊరుకోమని దాని అర్థం. ఊరుకుంటే సరిపోయేదే. కానీ గద పట్టిన ఆ చేతిని తీసేయాల్సింది స్టెల్లాయే. తన చేతిని దాచుకుని పెద్దింట్లమ్మ చేతిని తీసేయడం ఆమెకు మనస్కరించలేదు.

“అయితే నాదీ తీసేయాలండి,” అంది.

“నీదేంటమ్మా?”

“కింద శంఖం పట్టుకున్న చెయ్యి నాదండి. మేం క్యాథలిక్కులం. ఇంట్లో చేపలు తింటామండి, కోస్తాం కూడా.”

ఆయన ఆమెను తేరిపార చూశాడు. కోప్పడలేదు. ముందే ఒక మాట చెప్పాల్సిందని సూర్యప్రకాష్‌తో అని, ఇంట్లో అడిగి చెప్తానని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక సూర్యప్రకాష్ స్టెల్లాను కేకలేయలేదు గానీ, నువ్వు చెప్పకపోతే ఆయనకు తెలిసేదా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. తెలిసేది కాదని ఆమె ఒప్పుకుంది.

ఆ శనివారం ఇంటికి వెళ్లినప్పుడు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న దిగులుతో తల్లి తెరేసమ్మకు జరిగింది చెప్పింది. తల్లి ఉద్యోగం సంగతి వినిపించుకోలేదు.

“మన గుళ్లో పాటలు పాడే పిల్లవి. మీ నాన్న ఉపదేశి. అమ్మవారికి చెయ్యిచ్చావా? ఊళ్లో చూసినవాళ్లు ఏమనుకుంటారే?”

“చెయ్యి చూసి ఎవరు గుర్తుపడతారమ్మా?”

“నేను పట్టనా?”

వరండాలో కూర్చున్న అంతోని అంతా విన్నాడు. పని పనేననీ, ప్రార్థన ప్రార్థనేననీ మాత్రం అన్నాడు. దాంతో తెరేసమ్మ కోపం ఆయన మీదికి మళ్లింది. అక్కడ చెయ్యి వద్దన్నారు, ఇక్కడ ఎందుకిచ్చావన్నారు. స్టెల్లా ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

సోమవారం పది గంటలకు రామకోటేశ్వరరావు గారు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. శివపార్వతి సన్నగా, రంగు వెలిసి ఉంది. లాడ్జి వాళ్లు మెట్ల మధ్యలో కుర్చీ వేస్తే కాసేపు కూర్చుని, మళ్లీ ఎక్కింది. పైకి వచ్చాక ఆ దృశ్యాన్ని వేయించుకుని మూడుసార్లు చూసింది. ఏ చెయ్యి ఎవరిదో చెప్పొద్దంది. తర్వాత ఆ చేపలమ్మే ఆవిణ్ణి ఒకసారి పిలిపిస్తారా అని అడిగింది.

పెద్దింట్లమ్మ తట్టను కింద దించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. జరిగిందేమిటో ఆవిడకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం స్టెల్లాకూ లేకపోయింది.

“మా ఆయనన్న మాటకి నువ్వేమీ బాధపడలేదు కదమ్మా?” అంది శివపార్వతి.

ఏ మాటండి అని పెద్దింట్లమ్మ చుట్టూ చూసింది. సూర్యప్రకాష్ నసుగుతూ విషయం చెప్పాడు.

“నాకు మా అమ్మవారి పేరే పెట్టారండి,” అంది ఆవిడ. “కొల్లేటికోటలో ఆ తల్లికి చీరె పెట్టేది, నైవేద్యం పెట్టేది వేటకెళ్లే మావాళ్లేనండి. ఆవిడెప్పుడూ మా చేతులు వాసన చూళ్లేదు. మీకు ఇష్టం లేకపోతే తీసేయండి. కాకపోతే మా లంకలో అందరికీ చెప్పేసుకున్నాను. ఆ సంగతి నేనే చూసుకుంటాన్లెండి.”

రామకోటేశ్వరరావు గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. శివపార్వతి ఆయన భుజం మీద చెయ్యి వేసి, మొక్కు నాకోసం మొక్కారు కదా అంది. ఔనన్నాడు. మరి నా చెయ్యి ఎందుకు పెట్టించలేదని అడిగింది. నీరసంగా ఉన్నావు, నిలబడలేవని ఆయన అన్నాడు. ఎత్తి పట్టుకోవడమే కదా అని ఆవిడ చీర చెంగు తొలగించి కుడిచెయ్యి చాపింది. సూదులు గుచ్చీ గుచ్చీ నరాలు ముడులు కట్టి, అక్కడక్కడా నల్లబడి ఉంది. ఆయన ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. పెద్దింట్లమ్మ చెయ్యి తీయమని మళ్లీ అనలేదు.

ఆవిడ చెయ్యి రావాలంటే ఒకటి పోవాలి. ఏది తీద్దామని సూర్యప్రకాష్ తల గోక్కుంటుంటే, నాది తీద్దామండి అంది స్టెల్లా. శంఖం చెయ్యి అన్నిటికంటే కింద ఉంది, భుజం ఎత్తక్కర్లేదు, నీరసంగా ఉన్న మనిషి పట్టుకోగలిగేది అదొక్కటే. ఇంట్లో అమ్మ అన్న మాట కూడా మనసులో లేకపోలేదు.

నాగబాబు ఆ మధ్యాహ్నమే తీశాడు. శివపార్వతి మధ్యమధ్య ఆగి కూర్చుంటూ, మొత్తానికి శంఖాన్ని పట్టుకుంది. ఆ ముడులు, మచ్చలు ఉండనివ్వమంటారా, తీసేయమంటారా అని స్టెల్లా మొహమాటంగా అడిగింది.

“శుభ్రంగా తీసేయమ్మా,” అంది శివపార్వతి నవ్వుతూ. “పెళ్లినాటి చెయ్యిలా చేసెయ్యి. నీ చేతిలో పనేగా.”

స్టెల్లా ఒక్కో ఫ్రేములోనూ ఆ మచ్చలన్నీ తుడిచింది. శంఖం కొంచెం వణికింది. దాన్ని కూడా ఆపబోయి, పూర్తిగా ఆపితే చెయ్యి బిగుసుకుపోయినట్టు కనపడుతుంటే, కాస్త వణుకు వదిలేసింది. తన చెయ్యి తీసేటప్పుడు ఆమెకు పెద్దగా ఏమీ అనిపించలేదు. సాయంత్రం సిటీబస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రం తన చేతివంక చాలాసేపు చూసుకుంది.

ఆ భాగం ఒక శనివారం సాయంత్రం వచ్చింది. లంకలో సీరియల్ సగంలో ఉండగా కరెంటు పోయిందని, ఉన్నంతసేపూ ఏ చెయ్యి ఎవరిదని తగవులాడుకున్నారని, తన అత్తగారు వేరే ఎవరి చేతికో హారతిచ్చిందని పెద్దింట్లమ్మ తర్వాత మెట్ల దగ్గర అందరికీ చెప్పింది. శివపార్వతి చేతులిచ్చిన ఆడవాళ్లందరికీ చీరెలు పంపింది. స్టెల్లాకూ ఒకటి వచ్చింది. రామకోటేశ్వరరావు గారు చెప్పులు వేసుకుని వచ్చి టేపులు తీసుకెళ్లాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు గానీ, తర్వాతి సీరియల్ కూడా వీళ్లకే ఇచ్చాడు.

ఆ భాగం వచ్చిన సాయంత్రం స్టెల్లా ఊళ్లో ఇంట్లోనే ఉంది. అంతోని చర్చికి వెళ్లాడు. అమ్మవారు కనపడగానే తెరేసమ్మ మంచం మీంచి లేచి టీవీ దగ్గరికి జరిగింది.

“ఏదే నీది?”

“లేదమ్మా. తీసేశాను.”

తెర మీద అమ్మవారి చేతులు మెల్లగా లేచి, ఊపిరితో పాటు ఆడుతున్నాయి.

“తీసేస్తే ఒక్క మాట చెప్పొద్దా?” అంది తెరేసమ్మ. “నీ చెయ్యి చూడమని ఎదురింటి సీతారావమ్మగారికి చెప్పొచ్చాను.”

ప్రకటనలు రాగానే లేచి, ఆవిడకేం చెప్పాలో ఆలోచించుకుంటూ వాకిట్లోకి వెళ్లింది.