బిరడా కొట్టిన పాట

బకెట్లో మా ఆయన చొక్కాలు నానేసి, కుళాయి పూర్తిగా తిప్పి, బాత్రూం గడియ పెట్టాకే నేను సాధన చేసే గొట్టం నోట్లో పెట్టుకుంటాను. నీళ్ళ చప్పుడులో నా చప్పుడు కలిసిపోవాలని నా ఆశ. మా అత్తగారివి పాము చెవులు. "ఏంటమ్మా ఆ ఏడుపు? ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు!" అని హాల్లోంచే కేకేస్తుంది.

పోలీసు బ్యాండులో బ్యాగ్‌పైపు నేర్చుకోవడానికి ఆడ కానిస్టేబుళ్ళు కావాలన్నప్పుడు మా స్టేషన్లో చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. ఎందుకెత్తనూ? ఒంటి మీద యూనిఫాం ఉందన్నమాటే గానీ, రోజంతా నేను చేసింది సార్లకు టీలు అందించడం, ఏడ్చే ఆడవాళ్ళ పక్కన కూర్చోవడం. ఇంటికొస్తే వంటగది. ఎక్కడో ఒకచోట నా ఊపిరితో పెద్ద చప్పుడు చెయ్యాలనిపించింది, అంతే. "బుగ్గలు ఉబ్బించుకుని రోడ్డు మీద నడుస్తావా? నా పరువేం కాను?" అన్నారు మా ఆయన. బ్యాండులో ఉంటే పెందలాడే ఇంటికొస్తానని చెప్పాకే ఒప్పుకున్నారు.

కొత్తవాళ్ళకు ముందే బ్యాగ్‌పైపు గాలిసంచి ఇవ్వరు. చిన్న గొట్టం చేతిలో పెట్టి, వేళ్ళు కుదిరేదాకా ఊదిస్తారు. నాది మొదట్లో కుక్కర్ కూతే కూసేది. అందుకే బ్యాండు గదిలో నా పేరు కుక్కర్ అయింది. నవ్వితే నవ్వారు, నాకేం. తర్వాత సంచి చంకలోకి వచ్చింది. మనం ఊపిరి తీసుకునే ఆ కాస్త సేపు మోచేత్తో సంచిని నొక్కి పడితే పాట తెగదు. అది కుదిరిన రోజు నాకు ఏడుపొచ్చింది. పరేడ్ పాట మొత్తం వచ్చేసింది. ఇక బ్యాండు మాస్టారి ముందు ఒక్కసారి వాయించి నెగ్గడమే మిగిలింది. నెగ్గినవాళ్ళే పరేడ్‌లో వాయిస్తారు.

సరిగ్గా ఆ పరీక్ష రోజే మా ఆడపడుచు అత్తింటివాళ్ళు భోజనానికొచ్చారు. "ఒక్క పూట పోకపోతే కొంపలేం మునగవులే" అని నవ్వుతూనే నా బూట్లు తీసి బీరువా మీద పెట్టారు మా ఆయన. వండాను, వడ్డించాను. అంట్లు తోమి పరిగెత్తేసరికి బ్యాండు గదికి తాళం వేసుంది.

మర్నాడు మాస్టారు నా పైపులన్నిటికీ చప్పుడు రాకుండా బిరడాలు కొట్టారు. "వరుసలో మనిషి తగ్గకూడదు కుక్కరూ. పైగా ఆడపిల్ల కనపడాలని పెద్దసార్లు మరీ మరీ చెప్పారు. ఊదుతున్నట్టు నటించు, చాలు. నేర్చుకునేవాళ్ళకి ఇక్కడ ఇదే మామూలు."

"నాకు పాట వచ్చు మాస్టారూ. ఇప్పుడే వినండి."

"అది నిన్న రావాల్సిన మాటమ్మా" అని ఆయన ఇంకొకరి పైపు అందుకున్నారు.

పరేడ్‌లో మధ్య వరుసలో నడిచాను, చూడటానికొచ్చినవాళ్ళలో మా ఆయనా, అత్తగారూ ఉన్నారు. సంచి నిండిపోయాక గాలి ఎక్కడికీ పోదు, చంకలో రాయిలా బిగుసుకుంటుంది. అయినా ఊదుతూనే ఉన్నట్టు కనపడాలి. నా వేళ్ళు మాత్రం ఒక్క తప్పు లేకుండా పాటంతా నడిచాయి. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం టీలు తీసుకుని హాల్లోకి వెళ్ళేసరికి మా ఆయన ఫోనులో చెల్లెలితో గొప్పలు పోతున్నారు. ఫోను పెట్టేసి నావైపు తిరిగారు. "అందరికంటే నువ్వే బాగా వాయించావోయ్! ఒక్క అపశ్రుతి లేదు."

"ఔను మరి, చెవులకు హాయిగా ఉంది. ఇంట్లోనూ అలా వాయిస్తే ఎవరొద్దంటారు?" అంది అత్తగారు.

"నా పైపులకు బిరడాలు కొట్టారు. నేను ఒక్క ముక్క కూడా వాయించలేదు" అన్నాను.

"ఊరుకో, నేను చెవులారా విన్నాను!"

ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే విన్నారు. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను నోరు మూసుకున్న ప్రతిసారీ ఆయనకు 'సరే' అని వినపడుతూనే ఉంది కదా.

ట్రే కింద పెట్టాను. బ్యాగులోంచి చిన్న గొట్టం తీసుకుని ఆయనకెదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఈసారి కుళాయి తిప్పలేదు. పరేడ్ పాట రెండో వరుసలో వేలు జారి కుక్కర్ కూత వచ్చింది. అత్తగారు చెవులు మూసుకుంది.

"ఆపు!" అన్నారాయన.

పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.