ఎడమచేతి కత్తి

నేను ఒక అట్లకాడను. తుని సంతలో ఒక కమ్మరి నన్ను సాగగొట్టి అమ్మాడు. కొన్నది సూర్యచంద్రం, బొమ్మలు గీసుకునే మనిషి. కాకినాడలో టిఫిన్ బండి నడిపే భార్య మంగతాయారుకు నన్ను తెచ్చి ఇచ్చాడు.

ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో వేసిన అట్టు ఊళ్లో ఎవరు తింటారు? అందుకని బండి దగ్గర ఆమె కుడిచేతిలో తడబడేదాన్ని. ఇంట్లో మొగుడికి వేసేటప్పుడు మాత్రం ఎడమచేతికి మారేదాన్ని. అప్పుడు చూడాలి నా విసురు!

ఒకసారి ఆయనకు ఒక ఆటపెట్టె మీద బొమ్మ గీసే పని వచ్చింది. నలుగురు గుండ్రంగా కూర్చుని పాచికలు వేస్తూ, ఒకరు రాజునని, ఒకరు మంత్రగత్తెనని కథ అల్లుకుంటూ ఆడే ఆట.

"తాయారూ, దాన్నెత్తి ఒక్కసారి అలా నిలబడు."

"పెనం మాడిపోతుందండీ బాబూ!"

అంటూనే నన్ను ఎడమచేత్తో ఎత్తి నిలబడింది. ఆమెకు కవచం తొడిగాడు, నన్ను కత్తిని చేశాడు. నా జిడ్డు మాత్రం గీయలేదు. మనుషులు నిజాన్ని కూడా కాస్త తుడిచే చూపిస్తారు.

ఆ ఏడాది చలికాలంలోనే ఆయన పోయాడు.

ఆట పేరుకెక్కింది. ఆ వీరనారి ఎవరా అని ఆడేవాళ్లంతా ఒకటే వాదులాట. ఒక ఉదయం ముగ్గురు ఆ పెట్టె పట్టుకుని, చిత్రకారుడి భార్యను వెతుక్కుంటూ బండి దగ్గరికి వచ్చారు.

"సినిమా హీరోయినేరా! ఆ ముక్కు చూడు."

"కాదెహె, కత్తిసాము నేర్చిన పిల్లెవరో."

వాళ్లలో మూడో మనిషి, ఆ ఆటకు కొత్త ముద్రణ వేసే కంపెనీలో పనిచేసే లహరి, మంగతాయారు వైపు తిరిగింది. "ఎవరైనా కత్తి కుడిచేత్తో కదా పడతారు పిన్నిగారూ? ఆయన పొరపాటున తిరగేసి గీసినట్టున్నారు. ఈసారి సరిచేసి వేస్తాం. మీకు అభ్యంతరం లేదుగా?"

పెనం మీద పెసరట్టు కాలుతోంది. చుట్టూ రోజూ తినేవాళ్లు. ఆమె పట్టు నా మీద బిగిసింది. ఆయన చూసిన తాయారు ఆ ఒక్క బొమ్మలోనే మిగిలి ఉంది.

నన్ను ఎడమచేతికి మార్చుకుంది. ఒక్క విసురుతో అట్టు తిప్పి, నన్ను అలాగే ఎత్తి పట్టుకుంది.

"పొరపాటు కాదమ్మా."

ఇందాక బొమ్మలో ముక్కు చూపించినవాడు మెల్లగా అన్నాడు, "ఒరేయ్... ఆ ముక్కు!"

రోజూ వచ్చే ముసలాయన కళ్లు చిట్లించాడు. "ఎడమచేత్తోనా తాయారూ?"

"పెట్టనా, మాననా బాబాయ్?"

ఆయన తన ప్లేటు వంక చూసుకున్నాడు. "అల్లం కాస్త ఎక్కువెయ్యి."

లహరి కళ్లు తుడుచుకుంది. "తిప్పం పిన్నిగారూ. అలాగే ఉంచుతాం."

ఇన్నేళ్లూ బండి దగ్గర కుడిచేతిలో నా అంచు ఒక పక్కే ఎక్కువ అరిగింది. ఇప్పుడు రెండో పక్క అరుగుతోంది. హాయిగా ఉంది.