పదహారు రోజుల చాకు

తనకో సవతి ఉందని సుచరితకు అత్తవారింట అడుగుపెట్టగానే తెలిసిపోయింది. ఆ సవతి జానెడు కూడా లేదు. దుప్పికొమ్ము పిడి, పిడి చివర ఇత్తడి రింగు, మడిస్తే అరచేతిలో ఇమిడిపోయే చాకు.

అది ఆమె మొగుడు రామ్‌చందర్ తాతది. లాల్‌దర్వాజాలోని ఆ ఇంట్లో మగపిల్లవాడిని పెళ్లికొడుకును చేసిన రోజు, చాకు మొనకు నిమ్మకాయ గుచ్చి చేతికిస్తారు. పెళ్లయ్యాక నిమ్మకాయ తీసేసి, చాకు మడిచి, పదహారు రోజుల పండుగ దాకా ఒంటి మీదే ఉంచుకోవాలి, దిష్టి తగలకుండా. అది నేల తాకకూడదు. దాంతో దేన్నీ కోయకూడదు. స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం పెళ్లాం చేతికివ్వొచ్చు. ఈ చివరి నియమం సుచరితకు భలే నచ్చింది. అతను బయటికి వచ్చేదాకా తలుపు దగ్గర కాపలా నిలబడేది.

మామ సోమయ్యకు తన పెళ్లప్పుడు ఏ ఇబ్బందీ రాలేదట. ధోతి నడుం మడతలో చుట్టి దోపుకుంటే చాకు అక్కడే పుట్టినట్టు ఉండేదట. ప్యాంటు వేసుకునే కొడుక్కే వచ్చాయి తిప్పలు. పైగా అతని పని పత్తర్‌గట్టిలో, చీరల దుకాణంలో. పొద్దస్తమానం పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, లేవాలి, పై అరల్లోంచి చీరలు లాగాలి. ఆడవాళ్లు ఎటూ తేల్చుకోకపోతే చీర తన నడుముకే చుట్టుకుని, కుచ్చిళ్లు పెట్టి చూపించాలి. ముందు జేబులో పెడితే, కూర్చున్నప్పుడల్లా చాకు అడ్డం తిరిగి తొడలో పొడిచింది. వెనక జేబులో పెడితే స్కూటర్ గోతిలో పడ్డప్పుడల్లా ఎగిరి కూర్చోవలసి వచ్చింది. పాతబస్తీలో గోతులకు కరువా? చొక్కా జేబులో పెట్టిన రోజు, వంగి చీర మడుస్తుంటే మడతలోకి జారి, చీరతో పాటు డబ్బాలో కూర్చుని దర్జాగా బయల్దేరింది. కొన్నావిడ ఆటో ఎక్కేలోపు పరుగెత్తి తెచ్చుకున్నాడు.

రామ్‌చందర్ అమ్మ దగ్గర ఏదీ దాచలేడు. అంతా విన్న చంద్రమ్మ అరవలేదు. చాకు ఇంకొక్కసారి ఒళ్లు విడిచిందా, నేల తాకిందా, పండుగ దాకా సాయంత్రం షికార్లు బంద్ అని చెప్పి, మళ్లీ బియ్యం ఏరుకోసాగింది.

సుచరిత డిగ్రీ చదివినన్నాళ్లూ హాస్టల్ గేటు దాటడానికి వార్డెన్‌ను బతిమాలిన పిల్ల. ఇప్పుడు రోజూ సాయంత్రం స్కూటర్ వెనక కూర్చుని, గాజుల దుకాణాల వెలుగులో తన గాజులు చూసుకుంటూ పోవడం, ఒకే సాసర్‌లో ఇద్దరూ చాయ్ తాగడం. ఇవన్నీ ఒక చాకు జారితే జారిపోతాయా?

ఇక ఉపాయాలు మొదలుపెట్టింది. మొలతాడుకు కట్టి ప్యాంటు లోపల వేలాడదీసింది. నడిస్తే గంట కట్టిన కోడెలా ఉందన్నాడు. మేజోడులో దోపింది. స్కూటర్ కిక్ కొట్టగానే చీలమండ కమిలింది. నడుముకు జిప్పు సంచీ కట్టి పంపింది. దుకాణం సేఠ్ అతన్ని చూడగానే చెయ్యి చాచాడట.

"కండక్టర్ భాయ్, చార్మినార్‌కు ఒక టికెట్ కొట్టు."

ఆ మాట చెప్పుకుని ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక సుచరిత అతనితో చాప మీద బాసింపట్టు వేయించి, జేబు వైపే చూస్తూ కూర్చుంది. పొడుస్తున్నది చాకు కాదు, అది పడుకునే తీరు అని అప్పుడు తట్టింది. నిలబెడితే పొడవదు కదా! పెళ్లి జాకెట్టు కుట్టగా మిగిలిన పట్టుముక్క తీసి, చాకు బిగుతుగా పట్టేటంత సన్నటి గొట్టంలా కుట్టింది. దాన్ని జేబు లోపల, తొడ పక్క కుట్టు వెంట నిలువుగా అతికించింది. రింగుకు తాడు కట్టి, రెండో కొస బెల్టు పట్టీకి ముడివేసింది. ఆపైన మొగుడి చేత గుంజీళ్లు తీయించింది.

"ఏంది లొల్లి?" అంది చంద్రమ్మ తలుపవతల నుంచి.

"వ్యాయామం, అత్తమ్మా" అంది సుచరిత.

అసలు పరీక్ష పండుగ చీర కొనడానికి అత్తాకోడళ్లు దుకాణానికి వెళ్లిన రోజున. చంద్రమ్మకు చీరల కన్నా కొడుకు జేబు మీదే ఎక్కువ చూపు. అతను కూర్చున్నాడు, లేచాడు, నిచ్చెన ఎక్కాడు, దిగాడు. చాకు కదలలేదు. సుచరిత ఊపిరి పీల్చుకుని, నెమలికంఠం రంగు చీర చుట్టుకుని చూపించమంది. చూపించాడు. బాగుందనేసరికి ఆ హుషారులో చీరను ఒక్క లాగు లాగాడు. కుచ్చిళ్లలో తాడు చిక్కుకుంది. చాకు జేబులోంచి ఎగిరి బయటపడింది.

సుచరిత కళ్లు మూసుకుంది. నేల మీద టంగుమనే చప్పుడు కోసం చూసింది. రాలేదు. కళ్లు తెరిస్తే, చాకు అతని మోకాలి దగ్గర తాడుకు వేలాడుతూ ఊగుతోంది.

చంద్రమ్మ వంగి, నేలకూ చాకుకూ మధ్య తన చెయ్యి పెట్టి చూసింది. తాడు ముడి పట్టి లాగింది. జేబులోంచి తొంగిచూస్తున్న పట్టుముక్క అంచు తడిమింది.

"నేల తాకలే. ఒళ్లు ఇడ్వలే" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "బానే కట్టేసింది బిడ్డా నిన్ను. చీర మడువు."

పండుగనాడు దీపం ముందు తాడు విప్పి చాకును పెట్టెలో పెట్టాల్సిన వేళ, రామ్‌చందర్ చెయ్యి ఊరికే జేబు దగ్గరికి వెళ్తుండడం సుచరిత గమనించింది. చంద్రమ్మ కూడా గమనించినట్టుంది. పెట్టె మూసేసింది.

"ఉంచుకో. పెట్టెల పెడితే తుప్పు పడ్తది."

ఆ సాయంత్రం జామకాయల బండి పక్కన స్కూటర్ ఆపి ఒక కాయ కొన్నారు. కోసి కారం చల్లబోతున్న బండివాడిని సుచరిత ఆపింది. రామ్‌చందర్ పట్టుగొట్టంలోంచి చాకు తీసి, పెళ్లయ్యాక మొదటిసారి టక్కున తెరిచాడు. కాయ రెండు చెక్కలయింది. లోపల గులాబీ రంగు. పెద్ద చెక్క ఎవరిదని ఇల్లు చేరేదాకా వాదించుకున్నారు.