దండీ

…లేదా ఈ టర్పెంటైన్ అతని కారు మీద వంపేస్తే? ఒక్క అగ్గిపుల్ల చాలు. బోర్డులు రాసే ఫిరోజ్ మనసులో ఆ కారు పొద్దుటి నుంచి చాలాసార్లు తగలబడింది. ప్రతిసారీ నరసింహమూర్తి ముక్కు మూసుకుని బయటికి దూకేవాడు. అది చూడ్డానికే ఫిరోజ్ మళ్లీ మొదటి నుంచి ఊహించుకునేవాడు.

నరసింహమూర్తి పార్టీ నాయకుడు. ఆకివీడులో అతని రొయ్యల షెడ్డులో అమోనియా లీకైన రోజు తలుపులకు తాళాలున్నాయి. అక్కడ రొయ్యలు ఒలిచే నజ్మా, ఫిరోజ్ చెల్లెలు, ఇప్పుడు వంటింటి దాకా నడవాలన్నా ఊపిరందక గోడ పట్టుకుంటుంది. టీవీ వాళ్లు అడిగితే నరసింహమూర్తి నవ్వుతూ, మెత్తగా చెప్పాడు: "ముక్కు మూసుకుంటే సరిపోయేదండీ."

నజ్మాతో పనిచేసిన జగదాంబ ఏలూరులోని ఫిరోజ్ దుకాణానికి రేకు బోర్డు తెచ్చింది. రేపు కలెక్టరాఫీసు ముందు ధర్నా.

"ఏం రాయమంటారండీ? హంతకుడనా?"

"తిట్లొద్దు బాబూ. పేరు పక్కన గారు మర్చిపోకు. ధర్నా చేస్తే మాత్రం మర్యాద పోతుందా ఏంటి?"

ఫిరోజ్‌కు ఒళ్లు మండింది. ఆ మర్యాదే కదా తనను నిద్రపోనివ్వనిది. నరసింహమూర్తి బూతు తిట్టి ఉంటే తను ఈపాటికి మర్చిపోయేవాడేమో.

ఎర్రరంగుతో రాశాడు: "ముక్కు మూసుకుంటే సరిపోయేది." కింద, నరసింహమూర్తి గారు.

జగదాంబ రెండుసార్లు చదివింది. "ఆయన మాటే," అంది.

"పూర్తిగా కాదండీ."

ఫిరోజ్ గుడ్డను టర్పెంటైన్‌లో ముంచాడు. "సరిపోయేది"లో చివరి అక్షరం మీది గుడిని తుడిచేసి, దాని పక్కన పెద్దగా "ండీ" అని చేర్చాడు.