పదకొండో తూటా

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎలీషా క్వారీ బాటకు అడ్డంగా నిలబడి ఎర్రజెండా ఎత్తాడు. కాళ్లు ఎడం చేసి, బరువు మునివేళ్ల మీద ఉంచాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. కుడి మోకాలు పూర్తిగా వంగదు. ఎదురుగా రాయెత్తే ఆడవాళ్లు పదహారు మంది, రెండు ట్రాక్టర్లు.

పిడుగురాళ్ల దాటాక ఉన్న ఈ సున్నపురాయి క్వారీలో తూటాలు పేలేటప్పుడు ఎవరినీ లోపలికి పోనివ్వకపోవడం అతని పని.

పూర్వం చేసిందీ అదే. పదిహేనేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు, వెనక వరసలో. గుంటూరులో కాలేజీ జట్టు, తర్వాత రాష్ట్ర జట్టు, చివర దేశం తరఫున నాలుగు మ్యాచ్‌లు. మర్నాటి పేపర్లో గోలు కొట్టినవాళ్ల పేర్లు వచ్చేవి. ఎలీషా పేరు ఒక్కసారే వచ్చింది. నాలుగో మ్యాచ్‌లో జనంలో ఎవడో ఈల వేశాడు. రిఫరీ అనుకుని ఎలీషా ఆగాడు. బంతి తెస్తున్నవాడు ఆగలేదు, గోలు కొట్టాడు. ఎలీషాను మళ్లీ జట్టులోకి పిలవలేదు.

లోపల, తూటాలు పేల్చే బుడే రాతిలో దిగేసిన పదకొండు తూటాలకు వత్తులు అంటించి, పరుగెత్తుకొచ్చి బండ చాటున కూర్చున్నాడు. పేల్చేవాడూ జెండావాడూ మోతలను ఎవరికి వాళ్లు లెక్కపెట్టుకోవాలి. అది అక్కడి పద్ధతి.

నేల అదిరింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదనుంచి కాకులు లేచాయి. మోతలు ఆగాయి. బుడే మూడు ఈలలు వేశాడు. దారి వదలమని గుర్తు.

ఎలీషా జెండా దించలేదు.

"ఏం బాబాయ్, దించవా?" అన్నాడు బుడే దగ్గరకొచ్చి.

"పదే విన్నా."

"రెండు కలిసి పేలినయ్. నీ ఎడం చెవి సంగతి నాకు తెలీదా?"

"కలిసి పేలితే మోత బరువుగా ఉంటదిరా."

ఆడవాళ్ల ముఠాకు పెద్ద లక్ష్మీదుర్గ. "గోలు కొడతామనుకున్నావా మావా? తప్పుకో. ఈ బళ్లు నింపందే అన్నానికి పోనివ్వరు," అంది. అందరూ నవ్వారు.

సూపర్‌వైజర్ కరుణాకర్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. "ఏందయ్యా? ఈల వేశాక కూడా ఏంది నీ గొడవ? పోండమ్మా, పోండి."

"అరగంట ఆగనివ్వండి సార్."

"ఐదు నిమిషాలు కూడా కుదరదు."

ట్రాక్టరు స్టార్టయింది.

"అయితే నేను చూసొస్తా," అన్నాడు ఎలీషా. జెండా కరుణాకర్ చేతిలో పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి బాటకు అడ్డంగా పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. "నేనొచ్చి తీసేదాకా ఇది దాటమాక దుర్గమ్మా."

"నీ గుడ్డ ఎవరిక్కావాలి మావా, పోయిరా." ఆమె తట్ట దించి తువ్వాలు పక్కన కూర్చుంది. బుడే బీడీ వెలిగించుకున్నాడు.

ఎలీషా తొందరపడలేదు. గోతి అంచుదాకా నడిచి వంగి చూశాడు. ఇటు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, వెనక్కి పొమ్మని ఊపాడు. తర్వాత బాట వైపు రెండడుగులు వేశాడు.

మోత బరువుగా లేదు. మామూలు మోత, ఒక్కటే.

"పదకొండు," అన్నాడు బుడే. ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఎలీషాను దుప్పటిలో తీసుకెళ్లారు. మూడో రోజు పని మొదలైంది. తువ్వాలు తీయడానికి దిగిన డ్రైవర్‌ను లక్ష్మీదుర్గ చూసింది. అతను మళ్లీ బండెక్కాడు. ట్రాక్టర్లు పక్క చేలోకి దిగి, చుట్టు తిరిగి క్వారీలోకి వెళ్లాయి. బాట మీద తువ్వాలు, దాని నాలుగు మూలలా రాళ్లు.