అర మిల్లీగ్రాము

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆయన చేత మందులు వల్లె వేయించడం ఆమెకు పంతొమ్మిదేళ్ల అలవాటు. ఆయన ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి పెద్ద డాక్టరు. ఆమె అదే విభాగంలో పెద్ద సిస్టరు. ఇంట్లో మాత్రం ఆమె కాలరు ముడతలు తీస్తూ ప్రశ్నలడుగుతుంది, ఆయన ఫోను చూసుకుంటూ జవాబు చెబుతాడు.

"ఆట్రోపిన్ ఏం చేస్తుంది?"

"గుండెను పరిగెత్తిస్తుంది."

"పరిగెత్తించదండీ. గుండెకి బ్రేకు వేసే నరం ఒకటుంది కదా, దాని కాలు బ్రేకు మీంచి తీయిస్తుంది. అంతే. ఆ తర్వాత గుండే అందుకుంటుంది."

"నేనన్నదీ అదేగా. ఆ జేబు దగ్గర ఇంకోసారి రుద్దు."

ఆ రోజు ఆసుపత్రికి తనిఖీ. కొత్తగా పెట్టబోయే శిక్షణ కేంద్రానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని చూడటానికి బయటి నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ వస్తోంది. ఆవిడ ముందు బొమ్మ రోగికి వైద్యం చేసి చూపించాలి. అది కాగానే డాక్టరుగారి పుస్తకం విడుదల. అత్యవసర మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే నూట ఇరవై పేజీల పుస్తకం. అట్ట మీద ఆయన పేరు, వెనక అట్ట మీద మెడలో స్టెతస్కోపుతో ఆయన ఫొటో. లోపల ఉన్న ప్రతి అక్షరమూ ఆమెది.

మూడేళ్లు పట్టింది రాయడానికి. డ్యూటీ నుంచి వచ్చి, వంట దింపి, అత్తగారి మోకాళ్లకు మందు రాసి, భోజనాల బల్ల తుడిచి, ఆ తడి ఆరకముందే కాగితాలు పరుచుకునేది. గుండెపోటు వచ్చినవాడికి నమలమని ఇచ్చే ఆస్పిరిన్, ఉన్న గడ్డను కరిగించదనీ, రక్తంలోని చిన్న కణాలు వచ్చి ఆ గడ్డకు ఇంకా అతుక్కోకుండా అడ్డుపడుతుందనీ రాసింది. నాలుక కింద పెట్టే మాత్ర రక్తనాళాలను వదులు చేస్తుందనీ, దాంతో గుండె మొయ్యాల్సిన బరువు తగ్గుతుందనీ రాసింది. అడినోసిన్ గురించి రాయడానికి రెండు వారాలు పట్టింది. అది దారితప్పి పరిగెడుతున్న గుండెను కొన్ని క్షణాలు ఆపేస్తుంది, అంతలోనే రక్తంలో మాయమైపోతుంది, అందుకే తటాలున ఎక్కించి వెనకే సెలైన్ తొయ్యాలి. ఆ కొన్ని క్షణాలూ రోగికి చచ్చిపోతున్నట్టే ఉంటుంది కాబట్టి ముందే చెప్పండి, చెయ్యి పట్టుకోండి అని కూడా రాసింది. ఏ డాక్టరు రాస్తాడు ఆ మాట? చెయ్యి పట్టుకునేది ఎప్పుడూ సిస్టరే కదా.

అచ్చయి వచ్చిన పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి రెండుసార్లు తిరగేసింది. కృతజ్ఞతల పేజీలో ఆయన తల్లి ఉంది, ఆసుపత్రి యాజమాన్యం ఉంది, కంప్యూటరులో టైపు చేసినతను కూడా ఉన్నాడు. తను లేదు. అడిగితే ఆయన నవ్వేశాడు. "పిచ్చిదానా, నర్సు పేరు కనిపిస్తే ఏ డాక్టరైనా ముట్టుకుంటాడా? అయినా నీది, నాది అని వేరేనా మనకి?" పక్క గదిలోంచి అత్తగారు అందుకుంది. "మావాడు ప్రాణాలు పోస్తాడు. నువ్వు సూదులేస్తావు. రెండూ ఒకటేనటమ్మా?" అప్పుడు కూడా ఆమె నోరు మూసుకుని పాలు కాచుకుంది. ఆ రోజు తన మీద తనకే పుట్టిన అసహ్యం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఆయన ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడు? దానికి వార్డులో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. డాక్టరు నోటితో చెప్పిన మందును సిస్టరు పైకి తిరిగి చెప్పాలి. ఏ మందు, ఎంత, ఎక్కడికి. డాక్టరు ఊఁ అన్నాకే ఇవ్వాలి. హడావిడిలో పొరపాటు జరగకుండా పెట్టుకున్న ఏర్పాటు. ఏదో మందు పడక ఒళ్లంతా దద్దుర్లతో వచ్చినవాడికి ఆయన "అడ్రినలిన్ ఒకటి, నరంలోకి" అంటాడు. ఆమె తొణక్కుండా సరిచేసి, "అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, తొడ కండలోకి, ఇస్తున్నాను సార్" అంటుంది. ఆయన ఊఁ అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లకి అది ఆయన చెప్పిన మందే. రోగి లేచి కూర్చుంటే బంధువులు ఆయన కాళ్లకు దణ్ణం పెడతారు. ఆమె ఖాళీ సూదులు ఏరుకుంటుంది.

ఆ ఓపిక మొన్న సోమవారంతో అయిపోయింది. కొత్తగా చేరిన ఇద్దరు చిన్న డాక్టర్లు ఆస్తమా మందు గురించి ఆమెను ఏదో అడిగారు. ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండ ఎలా వదులవుతుందో ఆమె చేతి రుమాలు మెలితిప్పి చూపిస్తోంది. ఆయన గుమ్మంలోంచే గొంతు పెంచాడు. "సిస్టర్! పాఠాలు చెప్పడానికి నేనున్నాను. మీరు నేను చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు. సొంత తెలివి వాడకండి." చిన్న డాక్టర్లు తల దించుకున్నారు. ఆమె రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "అలాగే సార్" అంది. ఈసారి మాత్రం నిజంగానే అంది.

పదకొండు గంటలకు డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో ఆ పుస్తకం. ముందురోజే తెప్పించుకుందట, పేజీల మధ్య చీటీలున్నాయి. మంచం మీద బొమ్మను పడుకోబెట్టారు. దాని నాడి, రక్తపోటు డాక్టరమ్మ తన కంప్యూటరు నుంచి నడిపిస్తుంది, పక్కనున్న తెర మీద అందరికీ కనిపిస్తాయి. గోడల వెంట సిబ్బంది అంతా నిలబడ్డారు.

"ముప్పై ఏళ్ల మనిషి. యాంటీబయాటిక్ సూది వేసి ఐదు నిమిషాలైంది. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పూడుకుపోతోంది, పై రక్తపోటు అరవై. నాడి కొట్టుకుంటోంది. కానివ్వండి," అంది డాక్టరమ్మ.

"హైడ్రోకార్టిసోన్, నరంలోకి," అన్నాడాయన ధీమాగా.

ఆమె తిరిగి చెప్పింది. ఇచ్చింది. ఆ మందు పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది, ఈ మనిషికి ఉన్నవి నిమిషాలు. ఒంట్లో రక్తనాళాలన్నీ ఒక్కసారిగా వదులైపోయి, గోడల్లోంచి నీరు కారిపోతుంటే రక్తపోటు నిలబడేదెలా? వాటిని బిగించేదీ, ఊపిరి గొట్టాలను తెరిచేదీ, ఈ గొడవంతా లేవదీసిన కణాలను ఆపేదీ ఒక్క అడ్రినలినే. అది తొడ కండలోంచి రక్తంలోకి చేరడానికి కాస్త సమయం తీసుకుంటుంది, అందుకే ప్రాణం తీసేంత వేగంగా గుండెను తాకదు. ఇదంతా ఆమె రాసిందే. తెర మీద అంకె యాభైకి దిగింది.

"అడ్రినలిన్!" ఆయన గొంతు కీచుమంది. "ఒకటి! నరంలోకి! త్వరగా!"

ఆగిపోయిన గుండెకు ఇచ్చే మోతాదది. కొట్టుకుంటున్న గుండెకు కాదు. ఆయన ఎప్పటిలాగే ఆమె వైపు చెవి వేసి ఉంచాడు. ఆ సంగతి ఆయనకే తెలియదేమో గానీ ఆమెకు తెలుసు. ఆ చెవిలో అర మిల్లీగ్రాము పోయడమే కదా తన కాపురం.

"అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, నరంలోకి, ఇస్తున్నాను సార్," అంది గట్టిగా, గది చివరిదాకా వినపడేలా.

"ఊఁ," అన్నాడాయన.

ఆమె సూది వెనక కాడను చివరిదాకా నొక్కింది. తెర మీద గీత పిచ్చెత్తినట్టు ఎగిరి, చిక్కులు పడి, సాఫీగా పడుకుంది. సన్నని మోత ఆగకుండా వస్తోంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, నవ్వు ఆపుకోవడానికి పళ్లు బిగించాల్సి వచ్చింది. సిగ్గేమీ వేయలేదు.

డాక్టరమ్మ మోత ఆపి, పుస్తకాన్ని ఒక చీటీ దగ్గర తెరిచింది. "డాక్టరుగారూ, నలభై ఒకటో పేజీ. 'నాడి ఉన్న మనిషికి అర మిల్లీగ్రామే, తొడ బయటివైపు కండలోకే, మిగతా మందులన్నిటికంటే ముందు.' ఎంత చక్కగా రాశారు! మరి ఇదేమిటి?"

ఆయన, తప్పించుకునే దారి దొరికినవాడిలా ఆమె వైపు వేలు చూపించాడు. "మోతాదు సరిచూడాల్సింది సిస్టరే మేడమ్. ఆమెకి తెలియక ఇచ్చేసింది. ఏం చేస్తాం, నర్సుల చదువులు అలా ఉన్నాయి."

"అలాగా." డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీకు తెలియదా సిస్టర్?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు మేజోళ్లు కనపడకపోతే చూసే చూపు. ఎక్కడున్నాయో ఆమే వెతికి తెచ్చి కాళ్ల దగ్గర పెడుతుందనే నమ్మకం ఆ చూపు నిండా ఉంది. తెలియదు అని ఒక్క మాట అంటే చాలు. శిక్షణ కేంద్రం వస్తుంది, ఆయన దానికి పెద్ద అవుతాడు, పుస్తకం విడుదలవుతుంది, ఆమె వచ్చినవాళ్లకి టీ అందిస్తుంది. ఇంటికెళ్లాక, మంచిపని చేశావని భుజం తట్టినా తడతాడు. గోడ దగ్గర ఆ చిన్న డాక్టర్లిద్దరూ ఆమెనే చూస్తున్నారు.

"తెలుసు మేడమ్. ఆ పేజీ రాసింది నేనే. మొత్తం పుస్తకం నేనే రాశాను, నా చేతిరాత కాగితాలు ఇంట్లో ఉన్నాయి."

గదిలో గుసగుసలు లేచాయి. ఆయన ఏదో అనబోయాడు, డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తెలిసీ సరిదిద్దలేదా?"

"పంతొమ్మిదేళ్లుగా సరిదిద్దుతూనే ఉన్నాను మేడమ్. ఆ మంచం మీద మనిషి ఉంటే ఇవాళా సరిదిద్దేదాన్ని," అంది ఆమె. "బొమ్మ కదా అని, ఈ ఒక్కసారికి సార్ వైద్యంతోనే చావనిచ్చాను."